ఐదో తరగతిని కిందికి దించిన ఏడాది

మేము ఒహాయో చేరేసరికి నాకు తొమ్మిదేళ్ళు నిండాయి. డెబ్బైల చివరి రోజులు. నాన్న అంతకుముందే వచ్చి ఒక టైర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా కుదురుకున్నాడు. అమ్మా నేనూ తెనాలి నుంచి తర్వాత వచ్చాం. నాకు రెండో ఏట పోలియో వచ్చింది. ఎడమ కాలు పూర్తిగా, కుడికాలు మోకాలి కింద నుంచి చచ్చుబడ్డాయి. రెండు కాళ్ళకీ ఆసరాగా బిగించే ఇనప కాలిపర్లు, చంకల కింద కర్రలు. వాటితో ఎంత దూరమైనా నడిచేదాన్ని, కాకపోతే నెమ్మదిగా.

తెనాలిలో మా వీధి చివరి బడికే వెళ్ళాను. అందులో విశేషమేమీ లేదు, అక్కడ వేరే బడి లేదు. చిన్నమామయ్య సైకిలు వెనక కూర్చోబెట్టుకుని దింపేవాడు. కొందరు పిల్లలు కుంటిదానా అని పిలిచేవాళ్ళు, కొందరు నా పుస్తకాల సంచీ మోసేవాళ్ళు. ఒక్కోసారి ఆ రెండు పనులూ చేసేది ఒక్కళ్ళే. లెక్క తప్పితే టీచరుగారు అందరితో పాటు నా అరచేతి మీదా కొట్టేది. నన్ను చేర్చుకోవాలా వద్దా అని అక్కడ ఎవరూ మీటింగులు పెట్టలేదు. చేర్చుకోం పొమ్మంటే అడగడానికి ఏ చట్టమూ లేదన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఒహాయోలో నన్ను చేర్పించడానికి నాన్న మా ఇంటికి దగ్గరలో ఉన్న స్కూలుకి తీసుకెళ్ళాడు. ఎర్ర ఇటుకల పాత బిల్డింగు, రెండంతస్తులు. ఆఫీసులో కూర్చున్నావిడ నా కాళ్ళ వైపు చూసి, చాలా మర్యాదగా, "ఇలాంటి పిల్లల కోసం ఊరికి అవతల మంచి స్కూలుందండీ. బస్సు మీ ఇంటి ముందుకే వస్తుంది" అంది. నాన్న థాంక్స్ చెప్పి, నన్ను కార్లో ఎక్కించుకుని వచ్చేశాడు. ఆ ఎర్ర ఇటుకల స్కూలు లోపల ఎలా ఉంటుందో కూడా మేము చూడలేదు.

ఊరవతలి స్కూలు చూసి అమ్మానాన్నలిద్దరూ తబ్బిబ్బయ్యారు. ఒకటే అంతస్తు. ఎక్కడా గడప లేదు. తలుపులన్నీ వెడల్పుగా ఉన్నాయి. గోరువెచ్చటి నీళ్ళతో ఈతకొలను, కాళ్ళకు ఎక్సర్‌సైజులు చేయించడానికి ప్రత్యేకంగా ఒకావిడ, చక్రాల కుర్చీని అమాంతం పైకెత్తే లిఫ్టున్న బస్సు. ఇంటికొస్తూ దారంతా నాన్న అదే మాట. "అవిటి పిల్లల కోసం ఇంత కట్టారు చూడు. మన దగ్గర కలెక్టరు ఆఫీసు కూడా ఇలా ఉండదు."

అమ్మ కూడా ఔనంది. నాకూ నచ్చింది. ముఖ్యంగా ఈత. నీళ్ళలో నాకు కర్రలు అక్కర్లేదని అక్కడే తెలిసింది.

బస్సు పొద్దున్నే చీకట్లో వచ్చేది. ఊళ్ళో నలుమూలలా ఒక్కొక్కళ్ళనే ఎక్కించుకుంటూ తిరిగి తిరిగి స్కూలు చేరేసరికి నాకు మళ్ళీ నిద్ర ముంచుకొచ్చేది. మా గదిలో ఎనిమిదేళ్ళ వాళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళ దాకా అందరం కలిసే ఉండేవాళ్ళం. కొందరికి కాళ్ళు లేవు, కొందరికి చేతులు స్వాధీనంలో ఉండేవి కావు, కొందరికి మాట సరిగా రాదు, ఇద్దరు ముగ్గురికి ఏం చెప్పినా అర్థమయ్యేది కాదు. అందరికీ ఒకే టీచరు. చాలా మంచావిడ, ఎవర్నీ గట్టిగా ఒక మాట అనేది కాదు. పొద్దుట పూట కూడికలు, తీసివేతలు. మధ్యాహ్నం మట్టి బొమ్మలు, పూసలు గుచ్చడం, రంగులు వెయ్యడం. నేను తెనాలిలో భాగహారాలు కూడా నేర్చుకుని వచ్చాను. ఆ మాట ఆవిడతో చెప్పడానికి సరిపడా ఇంగ్లీషు నాకు లేదు. వచ్చాక చెబితే, "అబ్బా, ఎంత తెలివో!" అని బుగ్గ నిమిరి, మళ్ళీ కూడికలే ఇచ్చింది.

అక్కడ నాకొక స్నేహితురాలు దొరికింది. పుట్టుకతోనే వచ్చిన జబ్బు వల్ల తన చేతులూ కాళ్ళూ చెప్పిన మాట వినేవి కావు, ఎప్పుడూ చక్రాల కుర్చీలోనే ఉండేది. ఒక్కో మాటా చాలాసేపు కూడగట్టుకుని మాట్లాడేది. టీచర్లు మధ్యలోనే అందుకుని తన వాక్యం పూర్తి చేసేసేవాళ్ళు, సాధారణంగా తప్పుగా. నేను ఇంగ్లీషు నేర్చుకుంటున్నదాన్ని కాబట్టి నాకు ఆ నిదానమే సౌకర్యంగా ఉండేది. అమెరికన్ ఇంగ్లీషు నాకు వచ్చిందంటే తన దగ్గరే వచ్చింది. చెకర్స్ ఆటలో ఏ కాయ ఎటు జరపాలో కళ్ళతో చూపించేది, నేను జరిపేదాన్ని. అలా నా చేత్తోనే నన్ను ఓడించేది.

అమ్మ రోజూ సాయంత్రం అడిగేది, "ఇవాళేం చెప్పారు?" అని. ఒకరోజు రంగులు వేసిన కాగితం చూపించాను. అందులో ఒక ఆకు. దానికి ఊదారంగు వేశాను. అమ్మ తెనాలిలో బీయస్సీ బోటనీ చదివింది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది. ఆకు గురించి ఏమైనా చెప్పారా?" అంది.

"లేదు. రంగు వెయ్యమన్నారు."

పక్కింట్లో ఒక అమెరికన్ ఆవిడ ఉండేది. ఆసుపత్రిలో నర్సు. వాళ్ళబ్బాయి నా వయసువాడే, ఆ ఎర్ర ఇటుకల స్కూల్లోనే చదివేవాడు. మంచు పడ్డ ఒక ఆదివారం వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ అమ్మా ఆవిడా మాటల్లో పడ్డారు. వాళ్ళబ్బాయి భిన్నాలు చేస్తున్నాడనీ, రాష్ట్రాల రాజధానులు బట్టీ పడుతున్నాడనీ ఆవిడ చెప్పింది. అమ్మ మా రంగుల సంగతి చెప్పింది. ఆవిడ పార మంచులో గుచ్చి నిలబడి, "మీ అమ్మాయి అక్కడికే వెళ్ళాలని లేదు, తెలుసా? కొన్నేళ్ళ కిందట చట్టం వచ్చింది. మామూలు స్కూల్లో చదవగలిగిన పిల్లని మామూలు స్కూల్లోనే చదివించాలి. ఎందుకు కుదరదో వాళ్ళు మీకు చెప్పాలి గానీ, ఎందుకు కుదురుతుందో మీరు చెప్పక్కర్లేదు" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ ఆ మాట ఎత్తింది. నాన్న కంచంలోంచి తలెత్తలేదు.

"మనం నిన్నగాక మొన్న వచ్చాం. గ్రీన్‌కార్డు ఇంకా చేతికి రాలేదు. గవర్నమెంటుతో పేచీ ఏమిటి?"

"పేచీ కాదండీ, అడుగుదాం."

"ఫ్రీగా బస్సు, ఫ్రీగా ఈత, ఫ్రీగా ఎక్సర్‌సైజులు. ఏం తక్కువైంది?"

"చదువు" అంది అమ్మ.

అమ్మ స్కూళ్ళ ఆఫీసుకి ఉత్తరం రాస్తే మీటింగుకి రమ్మన్నారు. ఆ రోజున నాన్న కూడా సెలవు పెట్టి వచ్చాడు.

మీటింగు ఆ ఎర్ర ఇటుకల స్కూల్లోనే పెట్టారు. ప్రిన్సిపాలు, ఊళ్ళోని స్కూళ్ళన్నిటి తరఫునా మా లాంటి పిల్లల వ్యవహారం చూసే ఆఫీసరు, మా ఊరవతలి స్కూలు టీచరు, ఇంకో ఇద్దరు మగవాళ్ళు. ఇటువైపు అమ్మ, నాన్న, నేను. అమ్మ పట్టుచీర మీద నాన్న పాత చలికోటు వేసుకుంది. అమ్మ ఇంగ్లీషు పుస్తకాల్లోంచి నేర్చుకున్నది. ప్రతి వాక్యానికీ మొదలూ చివరా సరిగ్గా ఉండేవి, వాళ్ళు మాత్రం ప్రతిదీ రెండోసారి చెప్పించుకునేవాళ్ళు.

ఆఫీసరు మంచిమాటలే చెప్పాడు. మీ అమ్మాయి తెలివైనదే, మేము కాదనడం లేదు. ఐదో తరగతి మాత్రం పై అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. బిల్డింగు పాతది, పెట్టించడం ఇప్పట్లో కుదరదు. ఇదంతా ఆ అమ్మాయి క్షేమం కోసమే.

"మెట్లు తప్ప ఇంకేమైనా కారణం ఉందా?" అని అడిగింది అమ్మ.

"ముఖ్యంగా మెట్లే."

"మా అమ్మాయి మెట్లు ఎక్కుతుంది. మా ఇంట్లో పడగ్గదులు మేడమీదే. రోజూ ఎక్కుతుంది."

"ఎవరో ఎత్తుకుంటారు కాబోలు."

"లేదు. తనే."

ఆఫీసరు నవ్వాడు. వెటకారం నవ్వు కాదు, ఎలా సర్దిచెప్పాలో తెలియని నవ్వు. అమ్మ కుర్చీలోంచి లేచి తెలుగులో నాతో, "రా తల్లీ, ఎక్కి చూపిద్దువుగాని" అంది. నాన్న అమ్మ కోటు చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ విడిపించుకుంది.

అందరం నడవాలోకి వచ్చాం. మెట్లు వెడల్పుగా, ముదురు గోధుమరంగులో, అంచులకు ఇనప పట్టీలతో ఉన్నాయి. సగం పైకెక్కాక ఒక మలుపు. నేను కింద నుంచి రెండో మెట్టు మీద వీపు పై మెట్ల వైపు పెట్టి కూర్చున్నాను. మోకాళ్ళ దగ్గర కాలిపర్ల కొక్కాలు తీశాను. చంకకర్రలు నాకంటే పైనున్న మెట్ల మీదికి విసిరాను. ఖాళీ నడవాలో ఆ చప్పుడు ఎంత పెద్దదిగా వినిపించిందో! ఇంట్లో కార్పెట్టు మీద అలా వినిపించేది కాదు. తర్వాత రెండు చేతులూ పై మెట్టు మీద ఆనించి, ఒళ్ళు పైకి లేపి, కూర్చుని, కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి చేత్తో లాక్కుని, మళ్ళీ చేతులు. ఇంట్లో రోజూ చేసే పనే. మలుపు దగ్గర నా గౌను అంచు కాలిపరు సందులో ఇరుక్కుంది. అది లాక్కోవడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు ప్రిన్సిపాలు, "చాలండీ, చాలు, మాకు అర్థమైంది" అన్నాడు.

"పైదాకా ఎక్కనివ్వండి" అంది అమ్మ.

మా ఊరవతలి స్కూలు టీచరు గోడకున్న నోటీసు బోర్డు వైపు తిరిగి నిలబడింది. నేను పైకి చేరి, కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డాను. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కొట్టకపోయేసరికి ఆపేశాడు.

ఆ పూట నీకు సిగ్గనిపించలేదా అని పెద్దయ్యాక నన్ను చాలామంది అడిగారు. అనిపించే ఉంటుంది. నాకు స్పష్టంగా గుర్తున్నది మాత్రం నా అరచేతులు. దుమ్ముతో నల్లగా అయిపోయాయి, ఎవరో నమిలి పారేసిన చూయింగ్ గమ్ ఒక చేతికి అంటుకుంది. దాన్ని ఎక్కడ తుడుచుకోవాలో తెలియలేదు.

కింద ప్రిన్సిపాలు అమ్మతో, "ఈ పిల్ల రోజూ ఇలా ఎక్కుతూ ఉంటే నేను చూస్తూ ఉండలేనండీ" అన్నాడు. ఆఫీసరు వెంటనే అందుకుని, "నేను చెబుతున్నదీ అదే" అన్నాడు. అంటే మెట్లు ఎక్కడం చేతకాదు కాబట్టి కుదరదన్నవాళ్ళు, ఎక్కింది కాబట్టి కుదరదంటున్నారు. అమ్మ మొహం పాలిపోవడం పై నుంచి నాకు కనిపించింది.

అంతలో పైన ఒక తలుపు తెరుచుకుంది. చేతిలో సుద్దముక్కతో ఒక పెద్దావిడ బయటికొచ్చి, నన్ను చూసి, కమ్మీ మీంచి కిందికి వంగి, "ఏమిటీ గోల? లోపల పిల్లలకి పరీక్ష నడుస్తోంది" అంది. ప్రిన్సిపాలు సంగతి చెప్పాడు. ఆవిడే ఐదో తరగతి టీచరు. విన్నంతసేపూ విసుగ్గానే ఉంది.

"బాయిలరు పక్కన గది ఖాళీగానే ఉందిగా. నా క్లాసు కిందికి దించండి. ఈ అమ్మాయి పైకి రావడం ఎందుకు?" అని తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక నాన్న మొదటిసారి అమ్మ మీద గట్టిగా అరిచాడు. "నలుగురు మగాళ్ళ ముందు, గౌను పైకి పోతుంటే, పిల్లని మెట్ల మీద దేకించావు!"

అమ్మ పట్టుచీర మడతపెడుతోంది. చీరని పెట్టెలో పెట్టి మూత వేసింది. తర్వాత, "దేకకపోతే చదువు లేదన్నారు. దేకింది" అంది.

మూడో రోజు నాన్న ఫ్యాక్టరీ నుంచి తోలు గ్లవ్స్ ఒక జత తెచ్చి, వేళ్ళు నా చేతికి సరిపడా కత్తిరించి, మేడమెట్ల కింద పెట్టాడు. నేను ఇంట్లో మెట్లెక్కేటప్పుడు అవి వేసుకునేదాన్ని.

కాగితాలన్నీ తేలేసరికి ఆ చదువుల ఏడాది అయిపోవచ్చింది. వేసవి సెలవుల తర్వాత చేరమన్నారు. ఊరవతలి స్కూల్లో చివరి వారం, ఈతకొలను గట్టున కూర్చుని నా స్నేహితురాలికి చెప్పాను. "మీ అమ్మ కూడా అడిగితే నిన్నూ పంపుతారు. చట్టం ఉంది" అన్నాను.

తను చాలాసేపు మాట కూడగట్టుకుంది. "నువ్వు... నడుస్తావు. అక్కడ... నా మాట... ఎవరు ఆగి వింటారు?"

పదేళ్ళ పిల్లని. నీళ్ళలోకి దిగమని పిలుపొస్తే దిగాను.

ఐదో తరగతి కిందికి దిగింది. బిల్డింగంతా వేడిచేసే బాయిలరు పక్కనే కావడంతో ఆ గది చలికాలంలో ఉడికిపోయేది. గొట్టాలు ఉన్నట్టుండి టంగ్ టంగ్ మనేవి. ముందు గుమ్మానికి మెట్లు ఉన్నందున, పాలడబ్బాలు దించే వెనక గుమ్మానికి చెక్కలతో ర్యాంపు కొట్టించారు. నేను వంటగదిలోంచే రోజూ క్లాసుకి వెళ్ళేదాన్ని. మంచు పడితే ఆ చెక్క గాజులా జారేది. వంటావిడలు దాని మీద ఉప్పు చల్లేవాళ్ళు.

పిల్లలు తెనాలి పిల్లల్లాంటి వాళ్ళే. మొదటి వారంలోనే ఒకమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి, "పై గదిలోంచి ఫుట్‌బాల్ గ్రౌండు కనిపించేదట. నీ వల్ల మాకు చెత్తడబ్బాలు కనిపిస్తున్నాయి" అంది. నేను సారీ అన్నాను. టీచరు విని నన్ను వెనకేసుకురాలేదు, ఆ అమ్మాయిని తిట్టలేదు. "కిటికీలోంచి చూసే తీరిక ఉంటే చెప్పు, ఇంకో పేజీ లెక్కలిస్తాను" అంది. ఆవిడ నాకూ అలాగే ఇచ్చేది. భిన్నాల్లో వెనకబడ్డానని రెండు నెలలు మధ్యాహ్నం భోజనాల టైములో కూర్చోబెట్టి చెప్పింది. తప్పు చేస్తే ఎర్ర పెన్సిల్‌తో పేజీ అడ్డంగా కొట్టేసేది. అమెరికాలో నా తప్పుని తప్పు అన్న మొదటి మనిషి ఆవిడ.

అన్నీ కుదరలేదు. సంగీతం క్లాసు పై అంతస్తులోనే ఉండిపోయింది. పియానో కిందికి రాదన్నారు. అందరూ వరసగా పైకి వెళుతుంటే నేను లైబ్రరీలో కూర్చునేదాన్ని. అమ్మ దాని గురించి కూడా వెళ్ళి అడిగింది. వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఆ ఏడాది రాలేదు. నా వయసు అమెరికన్లు ఎక్కడైనా నలుగురు చేరి చిన్నప్పటి బడిపాటలు పాడుతుంటే నాకు ఇప్పటికీ ఒక్క చరణమూ రాదు. పుస్తకాలు మాత్రం బాగా చదివాను.

ఎనభైల మధ్యలో ఊరవతలి స్కూలు మూసేశారు. అక్కడి పిల్లల్ని ఊళ్ళో స్కూళ్ళకు పంచారు. నా స్నేహితురాలు మా హైస్కూలుకే వచ్చింది, కానీ నడవా చివర వేరే గదిలో పెట్టారు. భోజనాల దగ్గర మాత్రం కలిసేవాళ్ళం. అప్పటికి తనకొక అక్షరాల బోర్డు ఇచ్చారు, ఒక్కో అక్షరాన్నీ కళ్ళతో చూపించి మాట్లాడేది. "ఒకే కప్పు కింద ఉన్నాం, అదీ అభివృద్ధే" అని ఒకసారి ఆ బోర్డు మీద చూపించింది. తర్వాత వాళ్ళు ఫ్లోరిడా వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు క్రిస్మస్ కార్డులు వచ్చాయి.

నేను కాలేజీలో ఉండగా, ఎనభైల చివర్లో, పక్క ఊరి నుంచి ఒక తెలుగు జంట మా ఇంటికొచ్చారు. వాళ్ళకి ఆరేళ్ళ కొడుకు, బుద్ధి ఎదుగుదల తక్కువ. తెలుగువాళ్ళ పార్టీలకి వాణ్ణి తీసుకురారు, అందుకే మాకు వాళ్ళతో అప్పటిదాకా పరిచయం లేదు. మామూలు స్కూల్లో చేర్చుకోమని అడిగారట, మీటింగు పెట్టారట. అమ్మ సంగతి ఎవరో చెబితే వచ్చారు.

"మావాడికి ఏబీసీడీలు మొత్తం వచ్చు ఆంటీ. రంగులు వచ్చు. మీటింగుకి తీసుకెళ్ళి చెప్పించి చూపిస్తే ఒప్పుకుంటారేమో" అంది ఆ తల్లి.

"వద్దమ్మా. పిల్లాణ్ణి తీసుకెళ్ళొద్దు" అంది అమ్మ. ఎంత గట్టిగా అందంటే ఆ తల్లి టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. అమ్మ గొంతు తగ్గించింది. "వాడు చేసి చూపించాల్సిందేమీ లేదు. ఎందుకు కుదరదో చూపించాల్సింది వాళ్ళు. నేనొస్తాను, నువ్వూ మీ ఆయనా చాలు."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడలేదు, టీలో చక్కెర సరిపోయిందా అని ఆ పిల్లాడి తండ్రిని అడిగింది. ఆ మెట్ల సంగతి మేమిద్దరం అప్పుడూ మాట్లాడుకోలేదు, తర్వాతా మాట్లాడుకోలేదు.

మీటింగుకి అమ్మని నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. బ్రేకూ యాక్సిలరేటరూ చేతులతో నడిపే కారు. మర్నాడు నాకు పరీక్ష ఉంది, కార్లోనే కూర్చుని చదువుకున్నాను. అద్దాల మీద ఆవిరి పట్టేదాకా ఎదురుచూశాను. చివరికి ముగ్గురూ బయటికొచ్చారు. ఆ పిల్లాడి తండ్రి చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు, తల్లి ముక్కు తుడుచుకుంటోంది. అమ్మ వాళ్ళ కారు దాకా వెళ్ళి, మాట్లాడి, వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏమైంది?" అన్నాను.

"సగం ఒప్పుకున్నారు. పొద్దుట పూట అందరితో, మధ్యాహ్నం వేరే గది. మార్చిలో మళ్ళీ వెళ్ళాలి." తడిసిన బూట్లు విప్పి కాళ్ళు హీటరు దగ్గరికి జరుపుకుంది. "పోనీ, నీ పరీక్ష ఎన్నింటికి రేపు?"